ఒప్పుకోలుకు చెల్లించిన వెల

1878 జూలై 3న ఒంగోలుకు కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రకాశం జిల్లా బాప్టిస్టు కుటుంబాల్లో పుట్టినవారికి ఈ అంకె చిన్నప్పుడే నోటికి వస్తుంది. పొద్దున మొదలైన కార్యక్రమం మధ్యాహ్నం కాసేపు ఆగి సాయంత్రం దాకా సాగింది. నీళ్ళలోకి దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. మిషనరీ జాన్ క్లౌ దొర ఆ రోజు తన చేత్తో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఇంత గొప్పగా చెప్పుకునే ఆ అంకెకు ముందు ఏడాదికి పైగా సాగిన ఒక మౌనం ఉంది. దాన్ని గుర్తు చేసేవారు తక్కువ. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని కాల్చేసిన కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పని కాంట్రాక్టు తీసుకున్నారు. వేల మంది పస్తులున్న మాదిగలు, మాలలు, ఇతర కులాల పేదలు అక్కడ మట్టి మోశారు. మేస్త్రీలుగా నిలబడినవారు సంఘంలోని బోధకులే. పక్క శిబిరాల్లో కూలీ డబ్బు మధ్యలోవాళ్ళు మింగేస్తుంటే ఇక్కడ చెప్పిన కూలీ చెప్పినట్టు చేతికి అందింది. ఈ మనుషుల మీద జనానికి నమ్మకం కుదిరింది. బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ దొర ఇవ్వనన్నారు. కరువు పనులు సాగినంత కాలం, ఆ తర్వాత సహాయం ముగిసేదాకా కూడా ఒక్కరినీ సంఘంలో చేర్చుకోలేదు. గింజల కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదన్నదే ఆయన పట్టుదల. సహాయం ఆగిపోయింది, ఇక పనీ లేదు, డబ్బూ లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. కలరాలో చచ్చిపోతే క్రైస్తవులుగా చచ్చిపోతాం, మాకు మీ రూపాయి వద్దు అన్నది వారి వాదన. అప్పుడు గానీ గుండ్లకమ్మ రేవు తెరుచుకోలేదు.

మూడు వందల ఏళ్ళ తెలుగు క్రైస్తవ చరిత్రను చూడడానికి నేను ఈ నిరాకరణనే కొలబద్దగా పెట్టుకుంటున్నాను. ఎంతమంది చేరారు, ఎంత పెద్ద గుడి కట్టారు అన్నవి సులువుగా లెక్కపెట్టగలిగే సంగతులు. నమ్మినదాన్ని దాచకుండా చెప్పడానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారు, ఎక్కడ పోగొట్టుకోవడానికి ఇష్టపడక నోరు మూసుకున్నారు అన్నది కష్టమైన లెక్క. అందులో గర్వపడవలసినవీ సిగ్గుపడవలసినవీ రెండూ ఉన్నాయి.

ఆరంభం చిన్నది. జెస్యూట్ గురువులు 18వ శతాబ్దం మొదట్లో పుంగనూరు సీమలో అడుగుపెట్టారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అనే క్రైస్తవ కావ్యం రాశాడు. జర్మనీ నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉంటూ బైబిలును తెలుగు చేశాడు గానీ ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. అయిదేళ్ళలోపే ఇద్దరూ ఆ నేలలోనే కన్నుమూశారు. వారికి అనువాదంలో తోడుగా నిలిచిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి పేరు మన సంఘాల్లో ఇవాళ ఎంతమందికి తెలుసు? దొరల పేర్లు పలకల మీద చెక్కి, వాళ్ళకు మాట అందించిన తెలుగువాళ్ళను మరిచిపోవడం మనకు పాత అలవాటు.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని 1840లో మొదలై, పదేళ్ళు దాటినా పిడికెడు మందిని కూడా కూడగట్టలేకపోయింది. మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమన్నదే వారి ప్రార్థన. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. మధ్యలో నెల్లూరును మూసేసే మాట మళ్ళీ వచ్చినప్పుడు, స్వదేశంలో ఉన్న జ్యూయెట్, మీరు పంపకపోయినా నేను ఒంటరిగా వెనక్కి వెళ్ళి అక్కడే చస్తానని చెప్పాడు. ఫలితం కనపడని చోట నిలబడడం కన్నా కష్టమైన పరీక్ష ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఇదే కాలంలో మచిలీపట్నంలో మరో రకమైన ప్రయత్నం సాగుతోంది. రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి తెరిచాడు. పై కులాల పిల్లలకు చదువు చెబితే వారి ద్వారా కిందివారికి సువార్త చేరుతుందన్నది ఆయన నమ్మకం. కాబట్టి అంటరానివారి పిల్లలను చేర్చుకోలేదు. ఆయన నిజాయితీని శంకించలేం. జీవితమంతా పెళ్ళి లేకుండా ఆ బడిలోనే గడిపి 1865లో అక్కడే చనిపోయాడు. 1852లో మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు ఇల్లు విడిచి ఆయన ఇంట చేరి బాప్తిస్మం కోరినప్పుడు ఊరు ఊరంతా కదిలింది. బడి ఖాళీ అయింది. ఆ కుర్రవాళ్ళు మాట తప్పలేదు. తల్లిదండ్రులనూ ఆస్తినీ కులాన్నీ ఒకే రోజు వదిలేసుకున్నారు. తర్వాత బోధకులయ్యారు. వారి తెగువకు చేతులెత్తి మొక్కాలి. కానీ నోబుల్ వేసిన లెక్క తప్పింది. పైనుంచి కిందికి ప్రవహిస్తుందనుకున్న నది అలా ప్రవహించలేదు.

కింది నుంచే వచ్చింది. తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మనిషి. చదువు రాదు. అయినా అప్పటికే గురువుల దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు, దేవుడి కోసం వెతుకుతున్నవాడు. తెలుగుదేశంలో అంటరానివాళ్ళు ఏమీ తెలియని అమాయకులై దొర మాటకు లొంగారని చెప్పేవాళ్ళు పేరయ్య కథ చదవాలి. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. ఊరికి తిరిగొచ్చి, దొర ఒంగోలుకు రాకముందే తన వాడలో చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాతి ఏడాది జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. పుస్తకాల్లో క్లౌ కట్టినట్టు చెప్పే ఈ సంఘానికి పునాది రాయి పేరయ్య అన్నది నా అభిప్రాయం.

సరిగ్గా ఈ సమయంలోనే క్లౌ దంపతుల ముందు ఒక ప్రశ్న నిలబడింది. ఒంగోలు బ్రాహ్మణులు, ఇతర పెద్ద కులాలవారు వాళ్ళను ఆదరించారు, పిల్లలను బడికి పంపారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం మేము రాము, పిల్లలనూ మాన్పించేస్తాం అన్నారు. క్లౌ, ఆయన భార్య హేరియట్ వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందని, లోకం ఎన్నికలేనివారిగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం వద్ద ఇద్దరి చూపూ ఆగిందని వారు చెప్పుకున్నారు. బడి పోయింది. వాడ మిగిలింది.

వాడలో మిగిలినవారి మీద పడిన బరువు మాత్రం దొర మోసింది కాదు. కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన షరతులు మూడే. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. కాగితం మీద చూస్తే చిన్న సంగతులు. ఊళ్ళో అవి తిరుగుబాటు కన్నా ఎక్కువ. మాదిగ డప్పు కొట్టకపోతే జాతర సాగదు. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్ళకపోతే రైతు వాకిట్లో అది కుళ్ళిపోతుంది. ఆదివారం పొలానికి రాననడం కామందుకు ఎదురు నిలవడమే. కరణం, మునసబు ఒక్కటై బావి దగ్గరికి రానివ్వలేదు, కూలికి పిలవలేదు, దొంగ కేసులు బనాయించారు. జైలుకు పోయినవారున్నారు. ఇంత జరుగుతున్నా అయ్యగారికి దండం పెట్టి డప్పు తీసుకుంటే అయిపోయేది. చాలామంది తీసుకోలేదు. ఆరాధన అనే మాటకు నిజమైన అర్థాన్ని నాకు నేర్పింది ఈ డప్పు పట్టని చేతులే. ఏ వేదాంత గ్రంథమూ కాదు.

గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ 1842లో దిగాడు. డెబ్బై దాటిన వయసులో, రాజమండ్రి పని చేతులు మారిపోతుందని తెలిసి అమెరికా నుంచి మళ్ళీ సముద్రం దాటి వచ్చాడు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టించిన గుంటూరు ఆసుపత్రిలో ఎన్ని తరాల తల్లులు ప్రాణాలతో బయటపడ్డారో. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ హయాంలో కట్టిన మహా దేవాలయం 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. దాని రాళ్ళను మోసినవారిలో కరువులో కూలికి వచ్చినవారు ఎందరో. ఈ సంగతులన్నీ విడివిడిగా పుస్తకాలు రాయదగ్గవి.

అంతకు ముందే, మిషనరీలు మనకు ఇవ్వడమే గాని మనం పంపడం లేదన్న మాటకు తెలుగువాళ్ళు జవాబు చెప్పారు. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపింది. కూలి ఒప్పందాల మీద చెరకు, టీ తోటలకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ ఆలనాపాలనా లేకుండా ఉన్నాయి. రంగయ్య కియర్స్‌నీ టీ తోటల్లోని వారి మధ్య బతికి, ఆ ఏడాది డిసెంబరులోనే సంఘం కట్టాడు. పంపడానికి డాలరు లేదు. పల్లె సంఘాల కానుక పెట్టెల్లో పడిన అణాలే ప్రయాణ ఖర్చు. గుండ్లకమ్మలో మునిగిన తరం పాతికేళ్ళలో సముద్రం దాటి తన మనిషిని పంపింది.

ఇదే ఆలోచనతో కదిలిన మరొకడు దోర్నకల్ అజరయ్య. ఆయన తమిళుడు. తిరునల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టాడు. భారతీయులు సొంత డబ్బుతో సొంత మనుషులను పంపుకోవాలని తలచి 1903లో స్వదేశీ మిషను స్థాపించినవారిలో ఒకడు. తర్వాత తనే దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెల్లో తిరిగాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడిన తీరు ఇప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. ఎదురుగా కూర్చున్నది ఐరోపా, అమెరికా పెద్దలు. తనకు జీతమిచ్చేవారూ, తనకు పట్టాభిషేకం చేయించగలవారూ వాళ్ళే. మీరు భారతీయ సహోదరులకు ఎన్నో త్యాగాలు చేశారు గాని, పక్కన కూర్చోబెట్టుకొని స్నేహం చేయలేదని వాళ్ళ ముఖం మీదే చెప్పాడు. తన భారతీయ సహచరుణ్ణి భోజనానికి పిలవని, చేయి కలపని మిషనరీల సంగతి బయటపెట్టాడు. సభలో ఎంతోమందికి కోపం వచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. దానికి అడ్డుపడినవారిలో తెల్లవారితో పాటు, తమ కులం వాడు కాదని పెద్ద కులాల క్రైస్తవులూ ఉన్నారు. కులం గుడి గడప దగ్గర చెప్పులతో పాటు విడిచి రావలసింది కాదా?

1930ల్లో దళితుల సామూహిక మార్పులను గాంధీ వ్యతిరేకించినప్పుడు, తన దేవుణ్ణి తాను ఎంచుకునే హక్కు దళితుడికీ ఉందని అజరయ్య వాదించాడు. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. సంఘం ఒక ఓటు బ్యాంకుగా మారిపోతుందని ఆయన భయం. ఒక పక్క జాతీయ నాయకత్వాన్నీ, మరో పక్క సొంత సమాజపు ప్రయోజనాన్నీ కాదనగల ధైర్యం అది. ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయం 1939 జనవరి 6న దోర్నకల్‌లో ప్రతిష్ఠ అయింది. గుడి మంటపాన్నీ మసీదు గుమ్మటాన్నీ కలుపుకున్న కట్టడం. 1919లో ట్రాంకిబార్‌లో ఆయన మిత్రులతో కలిసి పిలుపునిచ్చిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. అప్పటికి ఆయన పోయి రెండున్నరేళ్ళు దాటింది.

అజరయ్యకు చాలా ముందే కులం విషయంలో సూటిగా మాట్లాడినవాడు పురుషోత్తమ చౌధరి. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందినవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయన పాటలు లేకుండా మన ఆరాధన ఊహించలేం. ఆయన ‘కులాచార పరీక్ష’ రాశాడన్నది మాత్రం పాటలు పాడేవారిలో తక్కువ మందికే తెలుసు. కవి గుర్రం జాషువాను కూడా మనం ఇలాగే సగం గుర్తుపెట్టుకున్నాం. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా ‘గబ్బిలం’ రాస్తే హిందూ గుడి గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి గొంతు లోకానికి వినబడింది. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయితే పురాణ కథలు రాశాడని, పద్యాలతో అవధానాలతో తిరుగుతున్నాడని ఆయనను సొంత సంఘమే దూరం పెట్టిన కాలం ఉంది. ఊరి పండితులు కులం చూసి, సంఘ పెద్దలు పద్యం చూసి మొహం తిప్పుకుంటే, ఆయన ఎవరి మెప్పు కోసమూ తన గొంతు మార్చుకోలేదు. విశ్వాసంలో నిజాయితీ అంటే ఇంతకన్నా ఉదాహరణ మనకు దొరుకుతుందా?

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే అని దాని మూడో పేరా తేల్చింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఆంధ్రలో మతం మారిన షెడ్యూల్డ్ కులాలవారిని బీసీ సి గ్రూపులో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అదే వాడలో, అదే బావి దగ్గర, అదే అవమానం పడుతున్న ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు ఎస్సీ, ఒకడు కాదు. డప్పు పట్టనన్న తాత మనవడు తహసీల్దారు కార్యాలయంలో కులం గడి ఎదుట కలం పట్టుకొని ఆగిపోతాడు. బడి రిజిస్టరులో ఒక పేరు, గుడి రిజిస్టరులో మరో పేరు. ఆకలి మీద బాప్తిస్మం ఇవ్వనన్న సంఘం, ఉద్యోగం మీద బాప్తిస్మం దాచుకోవలసిన పరిస్థితికి చేరింది. దాచుకున్న పేదవాణ్ణి నేను ఒక్క మాట అనలేను. రెండు తరాల చదువు ఆ ఒక్క గడి మీద ఆధారపడి ఉంటే నేనైనా ఏం రాసేవాణ్ణో చెప్పలేను. నా అభ్యంతరమంతా, నిజం చెప్పినవాడికి శిక్ష పడేలా చట్టాన్ని ఇన్నేళ్ళు అలాగే ఉంచినవారి మీద. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం మరో కమిషన్ వేసింది.

చట్టం కాదన్నంత మాత్రాన కులం వదలలేదని 1985 జూలై 17న కారంచేడు చూపించింది. మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవారు పారిపోయి చీరాల చేరారు. అక్కడ చర్చి ఆవరణే వారి శిబిరమైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చచ్చినవారిలో, చీరాల, తెనాలి రోడ్ల మీద కూర్చున్నవారిలో ఎందరో ఆదివారం గుడికెళ్ళేవారే. కొందరు పాస్టర్లు వారితో నేల మీద కూర్చున్నారు. ఇది రాజకీయం, మనకెందుకని గేటు మూసిన పెద్దలు కూడా ఉన్నారు. ఈ రెండో మాట రాయడం నాకు బాధగా ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసం ఎందుకు?

మిషన్ సంఘాలకు బయట కూడా కొత్త గాలి వీచింది. దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను ప్రారంభించారు. పంజాబు సిక్కు కుటుంబం నుంచి వచ్చిన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను నెలకొల్పారు. హెబ్రోను మహాసభల్లో నేల మీద వరసగా కూర్చొని అన్ని కులాలవారూ ఒకే పంక్తిలో ప్రేమవిందు తినేవారు. జీతాల్లేవు, విదేశీ డబ్బు లేదు. 2000 సెప్టెంబరులో భక్తసింగ్ పోయినప్పుడు తరలివచ్చిన జనాన్ని హైదరాబాదు మరిచిపోదు. ఆ పంక్తి భోజనమే ఆయన చేసిన గొప్ప బోధ అంటాను.

మన ఇంటి లోపల పరిస్థితి చూద్దాం. బాప్టిస్టులంటే మాదిగలు, లూథరన్లంటే మాలలు అని ఇప్పటికీ చెప్పుకునే ఊళ్ళున్నాయి. రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు పెళ్ళి సంబంధం దగ్గర కులం అడగడం మానలేదు. సమాధుల తోటలో హద్దులున్న చోట్లు ఉన్నాయి. పేరయ్యల చెమటతో, కానుకలతో నిలబడిన బడులు, ఆసుపత్రుల స్థలాలు ఇవాళ కోర్టు కేసుల్లో నలుగుతున్నాయి. సంఘ ఎన్నికలకు పోలీసు కాపలా కావలసి రావడం చూస్తున్నాం. వీటిని బయటివాళ్ళు మన మీద మోపిన నిందలని చెప్పుకొని తప్పించుకోలేం.

అయినా 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళగా. కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. కాథలిక్ చరిత్రలో ఆ స్థానానికి చేరిన తొలి దళితుడు ఆయనే. పుంగనూరు నుంచి ఇక్కడికి రావడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. ఆయన కింద పనిచేసే పారిష్‌ల కమిటీల్లో, బిషప్ పుష్పలలిత నడిచిన నంద్యాల పల్లెల గుళ్ళలో, ఒంగోలు కొండ కింది సంఘాల్లో ఏ వాడవారికి ఎన్ని కుర్చీలు ఉన్నాయో, ఎస్టేటు లెక్కలు ఎవరి ముందు విప్పుతున్నారో ఎవరికి వారు తమ సంఘం రిజిస్టరు తెరిచి చూసుకోవచ్చు. కమిషన్ నివేదిక కోసం ఆగనవసరం లేని పని అది. వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.